కొట్టములో నిలిచిన కారు

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మనవారు సామెత చెప్పుదురు. ధాన్యము, పశువులు, పొలము మొదలగువాని క్రయవిక్రయములలో పుట్టిన సామెత ఇది. అయితే దీనికి చక్కగా సరిపోవు వస్తువు మరియొకటి కలదు. అది తాతల నాడు కొని, తండ్రుల నాడు నడిపి, మన నాటికి కొట్టములో నిలిచిపోయిన పాత మోటారు కారు. బాగుచేయించి అమ్ముదమన్న చేతిలో సొమ్ము చాలదు. ఉన్నది ఉన్నట్లు అమ్ముదమన్న, కొనువాడు పాత ఇనుము వ్యాపారి ఒక్కడే యని తోచును. ఈ రెంటి నడుమ మూడవ మార్గము కలదనియు, ఆ మార్గమున నడచుటకు సొమ్ము కంటె సత్యము ఎక్కువగా కావలెననియు మనవి చేయుటకే ఈ ప్రసంగము.

నెల్లూరు జిల్లాలో అల్లూరుకు తూర్పుగా, ఉప్పుమళ్ళ మీదుగా వచ్చు సముద్రపుగాలి నేరుగా తగులు ఒక గ్రామమున మా మేనత్తగారి ఇల్లు కలదు. ఆమె మామగారు మొలకొలుకులు పండించిన పెద్దరైతు. ఆయన 1930లో మద్రాసు పోయి ఫోర్డ్ కారు ఒకటి కొని తెచ్చిరి. గుడ్డ టాపు, నాలుగు తలుపులు గల బండి అది. ఊరిలో ప్రసవవేదన పడు స్త్రీని నెల్లూరు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినపుడు ఆ కారే దిక్కు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలునకు కరవు రాగా, వెనుక భాగమున బొగ్గుగ్యాసు యంత్రము తగిలించి దానిని నడిపిరి. ఆ యంత్రము పోయినది గాని, దాని కొరకు వేసిన నాలుగు రంధ్రములు నేటికిని ఉన్నవి. పిమ్మట ఒకనాడు బ్యాటరీ పోయినది, మరియొకనాడు టైర్లు పోయినవి, కారు కొట్టమునకు చేరినది. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపాను ఆ కొట్టపు కప్పును ఎత్తుకొని పోయినది. మరల కప్పు వేయులోపల కారు వానలో నానినది.

గడచిన వేసవిలో ఆ ఇంటి గోడ ఒకటి కూలినది. అత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. ఇల్లు బాగుచేయుటకు సొమ్ము కావలెను గనుక కారు అమ్ముటకు నిశ్చయించిరి. ఎట్లు అమ్మవలెనన్న విషయమున కుమారులిద్దరికిని పొత్తు కుదరలేదు. పెద్దబావ పాత ఇనుము వ్యాపారిని పిలిపించెను. అతడు కారు చుట్టు ఒకమారు తిరిగి, "ఇందులో ఏముందమ్మా, తుప్పు రాల్చేస్తే టన్ను కూడా తూగదు" అనెను. చిన్నబావ మార్గము వేరు. రంధ్రములను పుట్టీతో పూడ్చి, పైన నిగనిగలాడు ఎర్రరంగు వేయించి, నడచు స్థితిలోనున్న వింటేజి కారు అని ప్రకటించిన మంచి ధర పలుకునని అతని లెక్క. అత్తగారు ఇద్దరి మాటలును విని మా వంక తిరిగి, "నాయనా, మా మామగారు ఊరి ఆడబిడ్డల్ని ఈ కారులో ఆస్పత్రికి చేర్చినారు. దీనికి అబద్ధపు రంగు పూసి అమ్మి, ఆ డబ్బుతో గోడ కడితే నిలుస్తుందా?" అనిరి.

ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోతిమి. సంగతి తెలిసికొందమని పనికి పూనుకొంటిమి. ఆ పనిలో మొట్టమొదటి తప్పు చేసినవారము మేమే. కారు అసలు రంగు ఏదో చూడవలెనని కుతూహలము పుట్టినది. ఎడమవైపు ముందు తలుపు మీద కిరసనాయిలు చల్లి గరుకు కాగితముతో రుద్దితిమి. మురికి క్రింద నీలిరంగు కనబడినది. దాని మీద పసుపురంగుతో చేతివ్రాతగా మూడక్షరములు కనబడినవి. అవి యజమాని పేరునకు పొడి అక్షరములని గుర్తించునంతలో మా చేతి క్రిందనే చెరిగిపోయినవి. తొంబదియేండ్ల ఉప్పుగాలికి, తుపానుకు నిలిచిన అక్షరములను చదువుకున్న మేము నిమిషములో తుడిచివేసితిమి.

పాత వస్తువును బాగుచేయుట వేరు, క్రొత్తదిగా కనబడునట్లు చేయుట వేరు. దేవాలయమునకు జీర్ణోద్ధరణ చేయునపుడు శిథిలమైన రాతిని మార్చుదురు గాని, శాసనమున్న రాతిని చెక్కివేయరు. పాత వాహనముల సంఘములకు అంతర్జాతీయ సమాఖ్యయైన ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రమును ఈ నీతినే బోధించుచున్నది. సాధ్యమైనంతవరకు ఉన్నదానిని కాపాడవలెను. మార్చక తప్పనిచో మార్పును వ్రాసి ఉంచవలెను. ఏది కాపాడవలెనో, ఏది మార్చవలెనో నిర్ణయింపవలసినవాడు కొని బాగుచేయువాడు. అమ్మువాడు తొందరపడి చేయు శుభ్రత అతని పనికి అడ్డు వచ్చును.

బాగుచేయని కారును కొనువారుందురా యని కొందరు సందేహింపవచ్చును. 1936లో స్విట్జర్లాండు సరిహద్దున మాజ్జోరె సరస్సులో మునిగిన బుగాటి కారు ఒకటి 2009లో పైకి వచ్చినది. 2010 జనవరిలో పారిస్ నగరమున అది 2,60,500 యూరోలకు అమ్ముడుపోయినది. కొన్న మ్యూజియం వారు దానిని బాగుచేయక, నీరు తిన్న రూపముతోనే ప్రదర్శించిరి. ఫ్రాన్సు దేశమున బయ్యోఁ అను రవాణా వ్యాపారి కుటుంబపు కొట్టములలో దొరికిన 59 కార్లను 2015 ఫిబ్రవరిలో దుమ్ముతో సహా వేలము వేసిరి. పాత పత్రికల గుట్ట క్రింద దొరికిన ఫెరారీ ఒక్కటియే కోటి అరువది లక్షల యూరోలకు పైగా పలికినది. ఇక మన హైదరాబాదు సంగతి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పురమాయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సింహాసనపు కారు చాలాకాలము మూలబడి, పిమ్మట జీర్ణోద్ధరణ పొంది, చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు చేరినది.

అంతమాత్రమున ప్రతి కొట్టములోను నిధి ఉన్నదని భ్రమపడరాదు. ఫోర్డ్ కంపెనీ 1927 డిసెంబరు నుండి వెలువరించిన మోడల్ ఏ కార్లు 48 లక్షలకు పైగా తయారైనవి. అత్తగారి కారు ఆ జాతిదే. అది అపురూపము కాదు. అయితే సామాన్యమైన జాతికి ఒక మేలు కలదు. దాని విడిభాగములు నేటికిని క్రొత్తగా తయారగుచున్నవి. కావున బాగుచేయ బూనినవాడు దారిలో చతికిలబడడు. అపురూపమైనది కాదని ఒప్పుకొనుటయు, భాగములు దొరకునని చెప్పుటయు రెండును సత్యములే. రెండును ప్రకటనలో ఉండవలసినవే.

కొనువాని మనస్సులో ధర ఎట్లు ఏర్పడునో ఇప్పుడు చూతము. బాగుపడిన తరువాత కారు ఎంత చేయునో అతడు మొదట లెక్కించును. అందులోనుండి బాగుచేయుటకగు ఖర్చు తీసివేయును. మిగిలినదానిలోనుండి తనకు తెలియని లోపముల కొరకు మరికొంత తీసివేయును. ఈ మూడవ అంకెయే అమ్మువానికి నష్టము తెచ్చునది. కంటికి కనబడు రంధ్రమునకు ఒక రేకు ఖరీదు తగ్గించును. పుట్టీ క్రింద రంధ్రమున్నదని అనుమానించిన, కారు సగము రంధ్రమే యని ఎంచి తగ్గించును. క్రొత్తరంగు చూడగనే తెలిసినవాడు గుడ్డ చుట్టిన అయస్కాంతమును తలుపు అడుగున ఆనించును. ఉక్కురేకు ఉన్నచోట అది పట్టును. దళసరి పుట్టీ ఉన్నచోట జారిపోవును. లోపము చెప్పుటవలన కొంత ధర తగ్గును. దాచుటవలన అంతకంటె ఎక్కువ తగ్గును, మాటయు పోవును.

ఈ లెక్క బావలకు వివరింపగా చిన్నబావ రంగుమాట విడిచెను. అందరము కలిసి ఒక నోటుపుస్తకమున మూడు గడులు గీసితిమి. మొదటి గడిలో ఉన్నవి, రెండవ గడిలో లేనివి, మూడవ గడిలో ఉన్నవో లేవో, పనిచేయునో లేదో తేలనివి. వారము దినములు ఇల్లంతయు వెదకితిమి. కార్బురేటరు ధాన్యపు గాదె వెనుక గోనెసంచిలో దొరికినది. ఒక చక్రపు మూతలో కోళ్ళకు నూకలు పెట్టుచుండిరి. ఇంజను త్రిప్పు ఇనుపపిడి దూడను కట్టు గుంజగా భూమిలో పాతుకొని ఉన్నది. కుడివైపు దీపపు అద్దము లేనే లేదు. విరిగిన ముక్కలను సైతము పారవేయక, పేరు వ్రాసిన చీటీలు కట్టి భద్రపరచితిమి. విరిగిన భాగము మరల చేయించుటకు నమూనాగా పనికివచ్చును.

తరువాత తుప్పు సంగతి. సముద్రతీరమున ఉప్పుకణములు గాలిలోని తేమను పీల్చి ఇనుమును ఆరనీయవు. కావున పైకి బాగున్న రేకునకును లోపల తుప్పు ఉండవచ్చును. తలుపుల అడుగు, నేలరేకు, రెండు రేకులు కలియు అతుకులు, చట్రము మీద మట్టి పేరుకొను మూలలు ముఖ్యముగా చూడవలసిన తావులు. మెల్లగా తట్టిన గట్టిరేకు ఖంగుమని పలుకును; తిన్నరేకు బొదబొదమనును. మా కారు నేలరేకు ముప్పాతిక పోయినది. తలుపుల అడుగులు నాలుగును పోయినవి. చట్రము గట్టిగా ఉన్నది. రేడియేటరు చుట్టు కవచమును, దీపముల గిన్నెలును కడిగిన వెంటనే మెరిసినవి. 1930లో ఫోర్డ్ కంపెనీవారు ఈ భాగములను తుప్పు పట్టని ఉక్కుతో చేయ మొదలిడిరి. పోయినవానికి, నిలిచినవానికి సమానముగా ఫొటోలు తీసితిమి.

ఇంజను విషయమున మరింత జాగ్రత్త అవసరము. చాలాకాలము నిలిచిన కారును ట్రాక్టరునకు కట్టి లాగి, బలవంతముగా కదల్చుట పలుచోట్ల చూచుచున్నాము. పట్టుకొనిపోయిన పిస్టను అట్లు లాగిన కడ్డీలు వంగును, సిలిండరు గోడలు గీరుకొనును. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు ఓపికపట్టి, పిడితో మెల్లగా త్రిప్పి చూడవలెను. మేము పది దినములు వేచితిమి. పదునొకండవ నాడు పిడి పావుచుట్టు కదలినది, మరునాడు పూర్తిగా తిరిగినది. అంతటితో ఆపితిమి. ఈ మోడలులో పెట్రోలు తొట్టి ముందు అద్దము దిగువన, కూర్చున్నవాని మోకాళ్ళకు ఎదురుగా ఉండును. పంపు లేదు, పెట్రోలు పల్లమునకు పారినట్లు కార్బురేటరునకు దిగును. లోపల తుప్పు తిన్న అట్టి తొట్టిలో పెట్రోలు పోసి నడిపి చూపుట ప్రాణాపాయము. కావున పుస్తకములో "ఇంజను చేతితో తిరుగుచున్నది, నడిపి చూడలేదు" అని వ్రాసితిమి. చిన్నబావ మొదటి ప్రకటనకు ఈ వాక్యమునకు ఎంత భేదమున్నదో శ్రోతలే గ్రహింపగలరు.

ఇక కాగితముల మాట. ఈ కారు పుట్టిననాడు 1914 నాటి మోటారు వాహనముల చట్టము అమలులో ఉన్నది. తరువాత 1939 చట్టము, ఆపైన 1988 చట్టము వచ్చినవి. నెల్లూరు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రములో ఉన్నది, పిమ్మట ఆంధ్రరాష్ట్రములో చేరినది. ఇన్ని మార్పుల నడుమ పాత రిజిస్ట్రేషను పుస్తకము ఒక్కటియే కారునకు జన్మపత్రిక. అది పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటము వెనుక దొరికినది. అందులోని ఇంజను నంబరును, ఇంజను ఎడమప్రక్కన చెక్కిన నంబరును సరిచూచి, కాగితము ఆనించి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొంటిమి. రెండును కలసినవి. కలియనిచో ఆ మాటయు వ్రాయవలసినదే. యజమాని గతించినపుడు వారసుల పేరునకు మార్పించుటకు 31వ నంబరు ఫారము, అమ్మకమునకు 29, 30 నంబర్ల ఫారములు కలవు. వారసులందరి సమ్మతియు ముందుగా వ్రాతమూలకముగా తీసికొనుట మేలు. బేరము కుదిరిన తరువాత పుట్టు తగవులు కారుకంటె ఎక్కువకాలము నిలుచును.

వింటేజి అను మాటను గూర్చి కూడ కొంత చెప్పవలెను. ఇంగ్లండునందలి వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్బువారి లెక్కలో 1930 చివరిలోగా తయారైన బండ్లే వింటేజివి. మన దేశపు నియమము వేరు. కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో ప్రకటించిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి ఏబదియేండ్లు దాటిన సొంతవాడుక బండ్లు, చట్రము, శరీరము, ఇంజను మార్పు చెందక అసలు స్థితిలో ఉన్నచో వింటేజి వాహనములుగా నమోదు కావచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. పది సంవత్సరములు చెల్లును. 'వీఏ' అను అక్షరములు గల ప్రత్యేక సంఖ్య ఇత్తురు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుటకు నడుపవచ్చును గాని, నిత్యపు రాకపోకలకు గాని వ్యాపారమునకు గాని పనికిరాదు. ఈ లెక్కన 1970 నాటి అంబాసిడరు కూడ అర్హమే. అయితే అందులో డీజిలు ఇంజను దించినవారు ఆ అర్హతను పోగొట్టుకొన్నట్లే యగును. కొనువానికి ఈ సంగతులు ముందుగా చెప్పవలెను. రేపే దానినెక్కి పెండ్లికి పోవచ్చునని ఆశపెట్టుట న్యాయము కాదు.

ఇట్లు సిద్ధపరచిన పట్టికను, ఫొటోలను జతచేసి ప్రకటించితిమి. పలువురు అడిగిరి. ఒకడు రేడియేటరు కవచము, దీపములు మాత్రము విడిగా ఇమ్మనెను. ముక్కలుగా అమ్మిన మంచి భాగములు పోయి, మిగిలినది ఇనుము వ్యాపారి పాలగునని అతనికి ఇయ్యలేదు. చివరకు చెన్నై నుండి ఒక పెద్దమనిషి వచ్చిరి. పాత బండ్లను బాగుచేయుటయే ఆయన వృత్తి. నోటుపుస్తకమును మొదటినుండి చివరివరకు చదివిరి. నేలరేకు పోయిన చోట మోకాళ్ళ మీద కూర్చుండి చూచిరి. బొగ్గుగ్యాసు రంధ్రములను చూచి సంతోషించి, వీనిని పూడ్చనని చెప్పిరి. తలుపు మీద మేము రుద్దిన మేరను చూచి మాత్రము చాలాసేపు మాటాడలేదు. నేలరేకు తాను చేయించుకొనగలననియు, ఆనాటి పనివాని చేతివ్రాతను ఎవరు చేయింపగలరనియు మెల్లగా అడిగిరి. మేము చేసిన పని ఒప్పుకొంటిమి. ఆ కారణముగా కొంత తగ్గించిరి. అది న్యాయమే.

కుదిరిన ధర చిన్నబావ మొదట ఊహించిన అంకెకు కొంత తక్కువ. ఇనుము వ్యాపారి చెప్పినదానికి ఇరువది రెట్లు. రసీదు మీద, కారు ఉన్నది ఉన్నట్లు అమ్మడమైనదని వ్రాసి, పట్టికను దానికి జతచేసి, ప్రతిపుటలోను ఇరువురును సంతకములు చేసిరి. ఆ సంతకము ఉభయులకును రక్షణ. రేపు ఏ లోపము బయటపడినను, చెప్పితిరా లేదా అన్న తగవునకు తావుండదు.

కారు వెళ్ళిన నాడు టైర్లలో గాలి నిలువలేదు. పలకలు పరచి, పదిమంది చేయివేసి దానిని ట్రాలీ మీదికి ఎక్కించిరి. అత్తగారు తుప్పు పట్టని ఆ రేడియేటరు కవచమునకు కుంకుమబొట్టు పెట్టి, ఆ పెద్దమనిషితో, "అయ్యా, బాగయినంక ఒకసారి ఈ దారిన తీసుకురాండి" అనిరి. ఆయన తప్పక తెచ్చెదనని మాట ఇచ్చిరి. ఇప్పుడు గోడ లేచినది.

మన తీరగ్రామములలో ఇట్టి కొట్టములు ఇంకను ఉండవచ్చును. కారే కానక్కరలేదు, పాత మోటారు సైకిలు కావచ్చును, నూనె ఇంజను కావచ్చును. వానిని అమ్మదలచినవారు గరుకు కాగితము, రంగుడబ్బా చేపట్టక పూర్వము ఒక నోటుపుస్తకము చేపట్టి మూడు గడులు గీయవలెనని మా మనవి. గడులు నిండిన తరువాత చేయవలసినది, చేయరానిది వానిలోనే తేలును.